పిక్కల కాటా, పేషెంటు కాటా

పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడిపిక్కల బేరాలు సాగే రోజుల్లో రైతు చూపంతా కాటా మీదే ఉంటుంది. బస్తా అంటే 80 కిలోలు. కాటాలో కిలో తేడా వస్తే ఎంత పోతుందో ఇంటికి చేరేలోపే లెక్క కట్టేస్తాడు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా, సున్నా దగ్గర నిలబడిందా, పళ్లెం కింద ఏదైనా ఇరుక్కుందా అని ఆరా తీయకుండా బస్తా ఎత్తనివ్వడు. అదే రైతు వారానికి రెండు మూడుసార్లు సోంపేటకో కవిటికో డయాలసిస్‌కి వెళ్తాడు. మంచం ఎక్కే ముందు అక్కడి కాటా మీద నిలబడతాడు. అది ఎంత చూపిస్తే అంత. సిస్టరు ఆ అంకెను షీటు మీద రాసుకుంటుంది, దాన్నిబట్టే అతని ఒంట్లోంచి ఎంత నీరు లాగాలో మెషిన్‌కి చెబుతారు. ఆ కాటాను చివరిసారి ఎప్పుడు పరీక్షించారని అడిగినవాళ్లు మాత్రం అరుదు.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు కలిస్తే ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల నేల. రెండు దశాబ్దాలుగా ఆ పేరు వింటే తోటల కన్నా ముందు కిడ్నీ జబ్బే గుర్తొస్తోంది. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. డాక్టర్ తాతపూడి రవిరాజు బృందం 2,210 మందిని పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనిపించింది. వాళ్లలో ముప్పాతిక వంతు మందికి వచ్చింది కారణం తెలియని రకమే. సోంపేట, పలాస, కవిటి, హరిపురం లాంటి చోట్ల సర్కారు డయాలసిస్ కేంద్రాలు పెట్టింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ప్రారంభోత్సవం నాడు ఎన్ని మెషిన్లు వచ్చాయో పేపర్లన్నీ రాస్తాయి. మూడేళ్ల తర్వాత ఆ మెషిన్లు చూపిస్తున్న అంకెల్లో నిజమెంత అన్నది ఎవరికీ వార్త కాదు. నా ఉద్దేశంలో అసలు వార్త అదే.

ఎందుకంటే ఆసుపత్రి పరికరం రెండు రకాలుగా చెడుతుంది. ఆగిపోవడం ఒకటి. దానితో పెద్ద చిక్కులేదు. అందరికీ కనిపిస్తుంది, గొడవ జరుగుతుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. రెండోది ఆగకుండానే తప్పు చెప్పడం. లైట్లు వెలుగుతుంటాయి, పంపు తిరుగుతుంటుంది, తెర మీద అంకె వస్తూనే ఉంటుంది. ఆ అంకెకూ వాస్తవానికీ మధ్య దూరం నెలనెలా పెరుగుతుంటుంది. పరికరాల తనిఖీ అనే పని పుట్టిందే ఈ రెండో రకం కోసం. దాన్ని పట్టుకోవడానికి ఒక్కటే దారి. పరికరం చెప్పిన అంకెను, దానితో సంబంధం లేని, దానికన్నా నమ్మకమైన మరో కొలతతో పోల్చి చూడాలి. క్యాలిబ్రేషన్ అంటున్నది ఈ పోలికనే. రిపేరు వేరు, ఇది వేరు.

కిలో తేడా ఎంత పని చేస్తుంది

కాటా సంగతే పూర్తిగా చూద్దాం. కిడ్నీలు పనిచేయని మనిషికి మూత్రం సరిగ్గా రాదు. తాగిన నీరంతా రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లోనే నిలిచిపోతుంది. అదనపు నీరేమీ లేనప్పుడు ఉండాల్సిన బరువును డాక్టరు ముందే నిర్ణయిస్తారు. దాన్ని డ్రై వెయిట్ అంటారు. ఒకరి డ్రై వెయిట్ 52 కిలోలు, ఇవాళ కాటా మీద 54 వచ్చింది అనుకోండి. రెండు లీటర్లు తీయాలి. నాలుగు గంటల్లో తీస్తే గంటకు 500 మిల్లీలీటర్లు.

ఎంత వేగంగా తీయవచ్చు అన్నదానికి ఒక హద్దు ఉంది. ఒంటి బరువులో కిలోకి గంటకు 13 మిల్లీలీటర్లు దాటి తీస్తున్నవారిలో మరణాలు, గుండె జబ్బులు ఎక్కువగా ఉన్నాయని 2011లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. అప్పటినుంచి డాక్టర్లు ఆ అంకెను గుర్తుపెట్టుకుంటున్నారు. 52 కిలోల మనిషికి ఆ లెక్కన గంటకు 676 మిల్లీలీటర్లు, నాలుగు గంటలకు 2.7 లీటర్లు. ఇప్పుడు కాటా ఒక్క కిలో ఎక్కువ చూపించిందనుకోండి. 54 బదులు 55. మెషిన్ మూడు లీటర్లు తీస్తుంది, అంటే గంటకు 750. హద్దు దాటిపోయింది. పైగా లేని నీటిని లాగుతోంది. మూడో గంటలో కాళ్లు పట్టేస్తాయి, చెమటలు పడతాయి, బీపీ జారిపోతుంది. సిస్టరు పరిగెత్తుకొచ్చి మంచం తల భాగం దించి సెలైన్ ఎక్కిస్తుంది. ‘ఇవాళ ఒంట్లో బాలేదు’ అనుకుంటాడు పేషెంటు. మెషిన్ మాత్రం తనకు చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసింది.

ఇక్కడో తిరకాసు ఉంది. ఒకే కాటా ఎప్పుడూ ఒకే కిలో ఎక్కువ చూపిస్తుంటే పెద్ద ప్రమాదం లేదు. డ్రై వెయిట్ నిర్ణయించింది కూడా ఆ కాటా మీదే కాబట్టి రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చిక్కు వచ్చేది మార్పు జరిగినప్పుడు. సోంపేటలో డయాలసిస్ చేయించుకునే మనిషి పెళ్లికో చావుకో పలాస వెళ్లి అక్కడ చేయించుకుంటాడు. పుస్తకంలో డ్రై వెయిట్ ఒక కాటాది, ఇవాళ్టి బరువు మరో కాటాది. లేదా గది కడిగేటప్పుడు కాటాను పక్కకు జరిపి, తిరిగి ఎత్తుపల్లాలున్న చోట పెడతారు. బ్యాటరీ నీరసించిపోతుంది. ఆ రోజు నుంచి లెక్క తప్పుతుంది. ఎవరికీ తెలియదు.

పరీక్షించడం ఎంత తేలికో చూస్తే ఈ నిర్లక్ష్యం మీద కోపం వస్తుంది. ముద్ర ఉన్న 20 కిలోల రాళ్లు నాలుగు తెచ్చి ఒక్కొక్కటిగా పెడుతూ 20, 40, 60, 80 దగ్గర అంకె చూడాలి. మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి. బరువు ఎక్కిస్తూ ఒకసారి, దించుతూ ఒకసారి. అరగంట పని. రోజువారీ చూపుకైతే అంత కూడా అక్కర్లేదు. నిండుగా సీలు వేసి ఉన్న నీళ్ల టిన్ను ఒకటి గదిలో పెట్టుకోవచ్చు. టెక్నీషియన్ పొద్దున్నే కాటా ఎక్కి బరువు చూసుకుని, టిన్ను పట్టుకుని మళ్లీ చూసుకోవాలి. రెండు అంకెల మధ్య తేడా నిన్న ఎంతో ఇవాళా అంతే ఉండాలి. ఇది క్యాలిబ్రేషన్ కాదు, కాటా చాటుగా మారిపోకుండా కాపలా మాత్రమే.

మరి ఇంత తేలికైన పని ఎందుకు జరగదు? దానికి సగం కారణం శాస్త్రంలోనే ఉంది. వందల పరికరాలున్న ఆసుపత్రిలో అన్నిటినీ ఒకే శ్రద్ధతో చూడటం కుదరదు. అందుకే 1989లో అమెరికాలో లారీ ఫెన్నిగ్‌కో, బ్రిజిడ్ స్మిత్ అనే ఇద్దరు ఒక మార్కుల పద్ధతి తయారుచేశారు. పరికరం చేసే పనికి పదికి ఇన్ని, చెడితే జరిగే హానికి అయిదుకు ఇన్ని, దానికి కావాల్సిన మెయింటెనెన్స్‌కి అయిదుకు ఇన్ని. మొత్తం 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే క్రమం తప్పని తనిఖీ జాబితాలోకి ఎక్కించాలి. ప్రాణాన్ని నిలబెట్టే యంత్రం కాబట్టి డయాలసిస్ మెషిన్‌కి మొదటి దాంట్లో పదికి పది పడతాయి, మొత్తం 20 దగ్గరికి వెళ్తుంది. బరువు చూసే కాటాకు సాధారణంగా 12 రావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో పరికరాల నిర్వహణ మీద తెచ్చిన పుస్తకాల్లో కూడా ఈ తరహా లెక్కను వివరించింది. మంచి పద్ధతే, కాదనను. కానీ దాన్ని అమెరికాలో ఒక పెద్ద ఆసుపత్రిని చూసి తయారుచేశారు. డయాలసిస్ గదిలో కాటా చెప్పిన మాటే మెషిన్‌కి ఆజ్ఞ. అక్కడ కాటాకూ మెషిన్‌కీ ఒకే మార్కులు పడాలి. ఉద్దానం లాంటి చోట జాబితా రాసేవాళ్లు ఈ మాట ముందు రాసుకోవాలి.

నూట ఇరవై లీటర్లు

ఉద్దానం జబ్బుకు నీరే కారణమా అని ఏళ్లుగా చర్చ నడుస్తోంది. ఆ చర్చ ఎటు తేలినా, జబ్బు వచ్చాక చేసే చికిత్స మొత్తం నీటి మీదే ఆధారపడింది. డయాలసిస్ మెషిన్ నిమిషానికి దాదాపు 500 మిల్లీలీటర్ల ద్రావణం వాడుతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు. వారానికి మూడుసార్లయితే 360. మామూలు మనిషి వారమంతా కలిపి తాగేది పదిహేను, ఇరవై లీటర్లే. తాగిన నీరు పేగుల గుండా, లివర్ గుండా వెళ్లి, కిడ్నీలు వడగట్టాక గానీ లెక్క పూర్తికాదు. డయాలసిస్‌లో ఆ అడ్డుగోడలేవీ లేవు. రక్తానికీ ఆ నీటికీ మధ్య ఉన్నది డయలైజరు లోపలి సన్నని పొర ఒక్కటే. చిన్న అణువులు దాని గుండా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కూడా పోతాయి.

అందుకే ‘మంచినీళ్లు వచ్చాయి కదా, ఇంకేం’ అనే మాట డయాలసిస్ గదిలో చెల్లదు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఉద్దానం ఊళ్లకు తెచ్చే పథకం, దాదాపు 700 కోట్లది, పలాస ఆసుపత్రితో పాటే ప్రారంభమైంది. ఊళ్లకు అది గొప్ప మేలు. కానీ నది నీటిని తాగునీరుగా మార్చేటప్పుడు సాధారణంగా పటిక వేసి మడ్డి దించుతారు, క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. డయాలసిస్ నీటిలో అన్ని రూపాల క్లోరిన్ కలిపినా 0.1 దాటకూడదు. తాగేవాడికి రక్షణ అయినది డయాలసిస్ పేషెంటుకు విషం. రక్తంలో కలిస్తే ఎర్ర కణాలు పగిలిపోతాయి. పటిక నుంచి వచ్చే అల్యూమినియం తాగునీటిలో 0.03 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు, మరో దారి లేకపోతే 0.2 దాకా ఒప్పుకుంటారు. డయాలసిస్‌కి 0.01. కాల్షియం తాగడానికి 75 దాకా ఫరవాలేదు, డయాలసిస్‌కి 2. అంటే బోరు నీటి నుంచి శుద్ధి చేసిన నది నీటికి మారిన కేంద్రం పాత అలవాట్లతో నడవకూడదు. బోరు నీటికి కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ ముఖ్యం. కుళాయి నీటికి క్లోరిన్ పట్టే కార్బన్ ట్యాంకు ముఖ్యం. నీటి మూలం మారిన రోజే తనిఖీ పట్టికా మారాలి.

క్లోరిన్‌ని ఆర్వో ఆపుతుంది అనుకుంటారు చాలామంది. ఆపదు సరికదా, క్లోరిన్ తగిలితే ఆర్వో పొరే పాడవుతుంది. అందుకే ఆర్వోకి ముందు రెండు కార్బన్ ట్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి పెడతారు. నీరు ఒక్కోదాంట్లో అయిదేసి నిమిషాలు కార్బన్‌ని అంటిపెట్టుకుని ఉండాలి. పరీక్షకు నీళ్లు పట్టేది రెండు ట్యాంకుల మధ్య ఉన్న కుళాయి దగ్గర. మొదటి ట్యాంకు చేతులెత్తేస్తే అక్కడ తెలిసిపోతుంది, రెండోది ఇంకా కాపాడుతుండగానే. ప్లాంటు వేసిన వెంటనే పట్టిన నీళ్లు మోసం చేస్తాయి. రాత్రంతా కార్బన్‌లో నానిన నీరు కదా, బాగానే ఉంటుంది. కనీసం పావుగంట నడిచాక పట్టాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి పొడి కలిపితే, క్లోరిన్ ఉన్నంత మేర గులాబి రంగు వస్తుంది. ప్రతి షిఫ్టుకి ముందు, మొదటి పేషెంటు రక్తం గొట్టంలోకి రాకముందే, ఈ పని జరగాలి. లాగ్‌బుక్‌లో ‘ఓకే’ అని రాయడం పరీక్ష కాదు. 0.05 అనో 0.08 అనో అంకె ఉండాలి. నెల రోజుల పేజీలన్నింటిలో ఒకే అంకె, ఒకే చేతిరాత, ఒకే పెన్ను కనిపిస్తే ఆ పుస్తకాన్ని నేను నమ్మను.

ఈ జాగ్రత్తలు చాదస్తం కాదని 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణం చూపించింది. ఎండాకాలపు ఎద్దడిలో ఒక డయాలసిస్ కేంద్రానికి రిజర్వాయరు నీటిని ట్యాంకర్లతో తోలారు. శుద్ధి సరిగ్గా జరగలేదు. రిజర్వాయరులో నాచు లాంటి సయనోబాక్టీరియా పెరిగి వదిలిన విషం ఆ నీటిలో ఉంది. 131 మంది పేషెంట్లలో 116 మందికి చూపు మసకబారడం, వాంతులు, నీరసం మొదలయ్యాయి. వంద మందికి లివర్ దెబ్బతింది. చివరికి 76 మంది చనిపోయారు, వారిలో 52 మంది మరణాలకు ఆ విషమే కారణమని లెక్క తేల్చారు.  అంతకు మూడేళ్ల ముందు, 1993 జులైలో, షికాగోలో నీటిని శుద్ధిచేసే పరికరమే హంతకి అయింది. అయాన్లను పట్టుకునే రెజిన్ నిండిపోయి, అప్పటిదాకా పట్టిన ఫ్లోరైడ్‌ని ఒక్కసారిగా వదిలేసింది. పదిహేను మందిలో పన్నెండు మందికి తీవ్రంగా జబ్బు చేసింది, ముగ్గురు చనిపోయారు. పరికరం అక్కడే ఉంది, నీళ్లు వస్తూనే ఉన్నాయి. చూడాల్సిన సమయంలో చూసినవాళ్లు లేరు.

టీడీఎస్ మీటరు ఇప్పుడు మన ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. డయాలసిస్ ఆర్వోకి కూడా అదే మొదటి సాధనం, అయితే బయటకు వచ్చే నీటి అంకె ఒక్కటీ చూస్తే చాలదు. లోపలికి 500 వెళ్లి 10 వస్తే 98 శాతం ఆపినట్టు. లోపలికి 200 వెళ్లి అదే 10 వస్తే 95 శాతమే. బయట అంకె మారలేదు, పొర మాత్రం బలహీనపడింది. ఇక టీడీఎస్ మీటరుకు క్రిములు కనపడవు. ఆర్వో దాటాక క్లోరిన్ ఉండదు కాబట్టి గొట్టాల్లో క్రిములు హాయిగా పెరుగుతాయి. మిల్లీలీటరుకు వంద క్రిమి సమూహాలు మించకూడదు. చచ్చిన క్రిముల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ 0.25 యూనిట్లు దాటకూడదు. ఈ ఎండోటాక్సిన్‌ని పట్టే పరీక్షకు దశాబ్దాలుగా వాడుతున్నది గుర్రపునాడా పీత నీలి రక్తం నుంచి తీసిన పదార్థం. దాని చుట్టాలు మన పక్క ఒడిశా తీరంలో కూడా ఉన్నాయి. క్రిముల శాంపిల్‌ను ఆర్వో పక్కనే ఉన్న కుళాయి దగ్గర పడితే లాభం లేదు. గొట్టం తిరిగి తిరిగి వచ్చే చిట్టచివర పట్టాలి. ఐసు పెట్టెలో పెట్టి ఒక్క రోజులోపే ల్యాబుకు చేర్చాలి.

మెషిన్ ముందు నిలబడితే

మెషిన్ పొద్దున ఆన్ చేయగానే తనను తాను పరీక్షించుకుంటుంది. అది పాస్ అయితే చాలు అనుకోవడం మామూలు. కానీ తన మీటరు తప్పిందని తన మీటరుతోనే ఎలా తెలుస్తుంది? ద్రావణంలో లవణాలు సరిపాళ్లలో కలిశాయా అన్నది మెషిన్ కండక్టివిటీ కొలిచి చెబుతుంది. సాధారణంగా 14 మిల్లీసీమెన్స్ ప్రాంతంలో ఉంటుంది. బయోమెడికల్ ఇంజినీరు తన చేతి మీటరుతో అదే ద్రావణాన్ని కొలిచి పోల్చాలి. ఆ చేతి మీటరును కూడా ఏడాదికోసారి గుర్తింపు పొందిన ల్యాబు పరీక్షించి ఉండాలి. మరో మెలిక ఏమిటంటే, కండక్టివిటీ మొత్తం లవణాల సంగతి చెబుతుంది గానీ ఏ లవణం ఎంతుందో చెప్పదు. యాసిడ్ డబ్బా, బైకార్బొనేట్ డబ్బా తారుమారైనా, పాళ్లు తప్పినా కొన్నిసార్లు అంకె సరిగ్గానే కనిపించవచ్చు. అందుకే పీహెచ్ కూడా చూడమంటారు. ద్రావణం వేడి 37 డిగ్రీల దగ్గర ఉండాలి. 42 దాటితే ఎర్ర కణాలకు ముప్పు.

పేషెంటు పక్కన కూర్చున్నవాళ్లు కూడా చూడగలిగే వస్తువు ఒకటుంది. రక్తం తిరిగే గొట్టం నుంచి పిల్ల గొట్టం ఒకటి విడిపోయి మెషిన్ ముఖానికి తగులుకుంటుంది. దాని కొసన రూపాయి బిళ్లంత తెల్లటి ఫిల్టరు. ట్రాన్స్‌డ్యూసర్ ప్రొటెక్టర్ అంటారు. గాలిని పోనిస్తుంది, రక్తాన్ని పోనివ్వదు. ఆ గాలి ఒత్తిడి ద్వారానే మెషిన్‌కి రక్తపు గొట్టంలో ఒత్తిడి తెలుస్తుంది. బిళ్ల తడిస్తే మెషిన్ చదివే ఒత్తిడి తప్పు. రక్తం బిళ్లను దాటి లోపలికి వెళ్లిందంటే ఇంకా ప్రమాదం. ఒకరి రక్తం మెషిన్ లోపల ఉండిపోయి తర్వాతి పేషెంటుకు హెపటైటిస్ అంటించే దారి అది. తడిస్తే వెంటనే మార్చాలి, వెనక వైపు ఎరుపు కనిపిస్తే తర్వాతి మనిషిని ఎక్కించే ముందు మెషిన్ విప్పి శుభ్రం చేయాలి. ఖరీదు చాలా తక్కువ. కొరత వచ్చినప్పుడు పొదుపు మొదలయ్యేది మాత్రం ఇలాంటి వాటి దగ్గరే.

కరెంటు సంగతి ఈ తీరానికి ప్రత్యేకం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి తోటలను నేలమట్టం చేసింది, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు పోతే మెషిన్ లోపలి బ్యాటరీ కొద్దిసేపు రక్తపు పంపును మాత్రం తిప్పుతుంది. గొట్టాల్లోని రక్తాన్ని ఒంట్లోకి తిరిగి పంపేయడానికి ఆ వ్యవధి. బ్యాటరీ నిజంగా అంతసేపు నిలుస్తుందా లేదా అన్నది ప్లగ్గు తీసి చూస్తేనే తెలుస్తుంది, తుపాను రాకముందు. అప్పుడు కూడా నిలవకపోతే పంపును చేత్తో తిప్పే పిడి ఉంటుంది. రాత్రి డ్యూటీ సిస్టరుకు అది ఎక్కడుందో తెలిసి ఉండాలి.

ఎర్తింగ్ ఇంకా సూక్ష్మమైనది. ఇసుక నేల ఎండాకాలంలో ఎండిపోతే కరెంటును భూమిలోకి సరిగ్గా పోనివ్వదు, ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి. మెషిన్ నుంచి అతి స్వల్పంగా కరెంటు లీకవడం సహజం. మామూలుగా మన వేలికి దాదాపు వెయ్యి మైక్రోఆంపియర్లు తగిలితే గానీ జివ్వుమనదు. మెడ దగ్గర నుంచి గుండె దాకా గొట్టం వేసిన పేషెంటుకు చర్మం అడ్డు లేదు. అందుకే గుండెకు నేరుగా తగిలే పరికరాలకు మామూలు స్థితిలో 10 మైక్రోఆంపియర్లే హద్దు. అంటే సిస్టరు చేయి పెట్టి ‘ఏం కొట్టట్లేదు’ అంటే దానికి విలువ లేదు. ఎలక్ట్రికల్ సేఫ్టీ ఎనలైజర్‌తోనే కొలవాలి. ఎర్త్ వైరు నిరోధం పవర్ కార్డుతో సహా 0.3 ఓమ్ దాటకూడదు. ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నులు చిలుము పట్టే చోట ఈ కొలత ఏడాదికోసారి చాలదని నా అభిప్రాయం.

జబ్బును తేల్చే అంకె

డయాలసిస్ దాకా వెళ్లకముందే, అసలు జబ్బు ఉందో లేదో తేల్చేది కూడా ఒక పరికరమే. ఊరూరా రక్తపరీక్షల శిబిరాలు పెట్టే ఉద్దానంలో దీని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. 45 ఏళ్ల మగవాడికి రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం 1.3 వస్తే కిడ్నీ పనితీరు లెక్క దాదాపు 69 వస్తుంది. 1.5 వస్తే 58. జబ్బు గీత 60 దగ్గర ఉంది. అంటే ఎనలైజరు 0.2 ఎక్కువ చూపిస్తే ఆరోగ్యవంతుడు రోగి అయిపోతాడు, తక్కువ చూపిస్తే రోగి ధీమాగా ఇంటికి వెళ్తాడు. చాలా ల్యాబుల్లో ఇప్పటికీ వాడే పద్ధతి 1886లో మాక్స్ యాఫే కనిపెట్టిన రసాయన చర్యే. అది చవక, కానీ రక్తంలోని మరికొన్ని పదార్థాలు కూడా దానికి క్రియాటినిన్‌లాగే కనిపిస్తాయి. అందుకే విలువ ముందే తెలిసిన కంట్రోల్ సీరంను పొద్దున్నే నడిపి, గీతల పటం మీద చుక్క పెట్టాకే పేషెంటు శాంపిల్ పెట్టాలి. వెల్లూరు సీఎంసీ లాంటి సంస్థలు నెలనెలా గుర్తు తెలియని శాంపిళ్లు పంపి, ల్యాబులు ఇచ్చిన జవాబులను పోల్చి చూపిస్తాయి. రిపోర్టు మీద ముద్ర బాగుందా అని కాక, ఆ పోలికలో ఈ ల్యాబు ఎక్కడ నిలిచిందని అడగడం మంచిది.

దేశం మొత్తం మీద ఆసుపత్రి పరికరాలకే పట్టిన జబ్బు ఎంత ఉందో కేంద్ర ప్రభుత్వం లెక్క తీయించినప్పుడు, 29,115 ఆరోగ్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలు, దాదాపు 4,564 కోట్ల విలువైనవి, తేలాయి. రాష్ట్రాన్నిబట్టి వాటిలో 13 నుంచి 34 శాతం దాకా పనిచేయడం లేదు. గమనించండి, ఇది ఆగిపోయినవాటి లెక్క. తప్పు చెబుతూ నడిచేవాటి లెక్క ఇందులో లేదు. ఆ సర్వే తర్వాత వచ్చిన జాతీయ కార్యక్రమం కింద పరికరాల మెయింటెనెన్స్‌ను రాష్ట్రాలు ఏజెన్సీలకు అప్పగించాయి. జిల్లా ఆసుపత్రుల్లో 95 శాతం, కమ్యూనిటీ ఆరోగ్య కేంద్రాల్లో 90 శాతం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 80 శాతం సమయం పరికరాలు నడుస్తూ ఉండాలని షరతు. చిన్న ఆసుపత్రికి తక్కువ శాతం పెట్టడంలో పాలనా సౌలభ్యం ఉందేమో గానీ, ఇచ్ఛాపురం వైపు నుంచి చూస్తే అది తలకిందులుగా ఉంది. విశాఖ నుంచి ఇంజినీరు రావాలంటే రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. దూరంగా ఉన్నచోటే పరికరం ఎక్కువ నమ్మకంగా ఉండాలి.

ఆ దూరాన్ని కొనేటప్పుడే లెక్కలోకి తీసుకోవాలి. టెండరులో తక్కువ ధర ఒక్కటే చూస్తే, అయిదేళ్లలో ఫిల్టర్లకు, విడిభాగాలకు, సర్వీసుకు అయ్యేది కనపడదు. ఏఎంసీ అనే వార్షిక నిర్వహణ ఒప్పందంలో సాధారణంగా మనిషి వచ్చి చూడటమే ఉంటుంది, విడిభాగాలు కూడా కలవాలంటే సీఎంసీ అనే సమగ్ర నిర్వహణ ఒప్పందం కావాలి. ఇంజినీరు ఎన్ని గంటల్లో రావాలో కాగితం మీద ఉండాలి. ఈ విషయంలో మనకు ఒక వెసులుబాటు ఉంది. విశాఖలో 2018 డిసెంబరులో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్‌లో పరికరాలు తయారుచేయడమే కాదు, వాటి ఎలక్ట్రికల్ భద్రతను పరీక్షించే ల్యాబులు కూడా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య పరికరాల మీద నాలుగో ప్రపంచ సదస్సును అదే నెలలో అక్కడే జరిపింది. ప్రపంచం వచ్చి చూసిన ఆ ల్యాబులకూ, ఉద్దానంలో గోడ పక్కన ఉన్న ఆర్వో ప్లాంటుకూ మధ్య ఒక వ్యాను, ఇద్దరు ఇంజినీర్లు, ఒక సేఫ్టీ ఎనలైజరు, కొన్ని ముద్రరాళ్లు ఉంటే చాలు. మూడు నెలలకోసారి తీరం వెంట కేంద్రాలన్నీ చుట్టి రావచ్చు. కొత్త భవనం ఖర్చు ముందు అది లెక్కలోకే రాదు.

మీ ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ జరుగుతుంటే ఈసారి వెళ్లినప్పుడు మెషిన్ పక్కన అంటించిన స్టిక్కర్ చూడండి. చివరి క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారో, తర్వాతది ఎప్పుడు చేయాలో తేదీలు ఉండాలి. ఆర్వో గదిలో లాగ్‌బుక్ అడిగి ఇవాళ్టి క్లోరిన్ అంకె చూడండి. మర్యాదగా అడిగితే చూపించే టెక్నీషియన్లే ఎక్కువ, వాళ్లకూ ఎవరో ఒకరు అడగడమే కావాలి. తేదీ దాటిపోయి ఉంటే సూపరింటెండెంటుకు ఒక కాగితం రాసి ఇచ్చి, దాని కాపీ మీద సంతకం తీసుకోండి. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ సమావేశంలో మీకు తెలిసినవాళ్లుంటే ఆ కాగితాన్ని అక్కడ చదివించండి.